నిలబడ్డ బళ్ళకి ఫాస్ట్ లెన్సెందుకు?

ఈమధ్య మా వీధి పిల్లలు కొందరు కొత్త డిజిటల్ కెమెరాలు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. లెన్సు విప్పి మార్చుకునే రకం, మెడలో వేసుకుంటే మెడ లాగేసే రకం. "ఆంటీ, మొదటి లెన్సు ఏది కొనాలి? జూమ్ ఒక్కటి కొంటే అన్నీ వచ్చేస్తాయట కదా?" అని అడుగుతారు. "ముందు దేన్ని తీస్తావో చెప్పు. దాని దగ్గరికి ఎంతవరకు వెళ్ళే ధైర్యం ఉందో చెప్పు. లెన్సు సంగతి తర్వాత చూద్దాం" అంటాను. వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. లెన్సు పేరు అడిగితే ఈ ముసలావిడ ఇంటర్వ్యూ చేస్తోందేమిటని వాళ్ళ బాధ.

ఊరికే అడగడం లేదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఒక లెన్సు కోసం నేను నెలల తరబడి పోట్లాడాను. గెలిచాను. గెలిచిన ఆ లెన్సు వల్లే నా కుర్చీ పోగొట్టుకున్నాను. చివర్లో ఈవిడ చెంపలు వేసుకుంటుందని ఎదురుచూసేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

మా నాన్న ఆ వర్క్‌షాపులోనే కమ్మరి షెడ్డులో పనిచేసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత వచ్చి చేరిన కొలువు, తర్వాత నాన్నది. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మని ఆవిరి సుత్తి కింద పెట్టి తిప్పే ముఠాలో మనిషి. సర్వీసులో ఉండగానే జ్వరమొచ్చి పోయాడు. ఆయన బదులు నన్ను తీసుకున్నారు గానీ, ఆడపిల్లని కదా, సుత్తి దగ్గరికి పంపలేదు. డిస్పాచ్‌లో కూర్చోబెట్టి కవర్ల మీద అడ్రసులు రాయమన్నారు. పొద్దస్తమానం అదే పని. అది ఉద్యోగమా, శిక్షా అని నాకు అనుమానంగా ఉండేది.

ఫొటో సెక్షన్‌లో డార్క్‌రూమ్ పనికి మనిషి కావాలని తెలిసి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి అడిగాను. మందుల కంపులో, చీకట్లో నిలబడే పని. మగవాళ్ళెవరూ ముందుకు రాలేదు కాబట్టి నాకిచ్చారు. ఆ సెక్షన్ అంతా కలిపి ఒక్క బెంగాలీ పెద్దాయన. అందరూ దాదా అనేవాళ్ళు, నేనూ అలాగే అన్నాను. ఆయన నన్ను "మా" అని పిలిచేవాడు. ఫిల్మ్ కడగడం దగ్గర్నుంచి ప్రింటు మీద మచ్చలు దిద్దడం దాకా అన్నీ నేర్పాడు. విరిగిన విడిభాగాలు, రంగు వేసి తయారైన రైలుపెట్టెలు, రిటైరయ్యేవాళ్ళ గ్రూపు ఫొటోలు తీయడం మా పని అని కాగితం మీద ఉండేది. నిజంగా చేసే పని మాత్రం దండలు వేయించుకునే ఆఫీసర్లని తీయడం.

కమ్మరి షెడ్డులో కూడా ఎప్పుడో ఒకసారి గ్రూపు ఫొటో తీశారు. నాన్న అందులో ఉన్నాడు. ఉన్నాడనే చెప్పగలను, ఎక్కడున్నాడో చెప్పలేను. ఆ చీకటి షెడ్డులో ఫ్లాష్ వేస్తే మసి పట్టిన మొహాలన్నీ బొగ్గు ముద్దలై, కళ్ళూ పళ్ళూ మాత్రం తెల్లగా మెరిశాయి. ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ ఫొటో చేత్తో పట్టుకుని "ఇందులో మనోడేడి?" అని వెతుక్కునేవాళ్ళు. మా అమ్మ ఒకరోజు రెండో వరసలో వేలు పెట్టేది, ఇంకోరోజు మూడో వరసలో పెట్టేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఆఫీసరు మెడలో దండకి, దండలో పువ్వుకి, పువ్వు మీద నీటిబొట్టుకి ఫోకస్ దొరుకుతుంది. మా నాన్న మొహానికి దొరకలేదు.

ఎనభైల నడుమ, దాదా రిటైర్మెంటు దగ్గరపడ్డ రోజుల్లో సెక్షన్‌కి కొత్త కెమెరా మంజూరైంది. లెన్సు మార్చుకునే కెమెరా మాకు అదే మొదటిది, ఫిల్ముదే అనుకోండి. పాత పెట్టె కెమెరాతో మోకాళ్ళ మీద కూర్చుని, నల్లగుడ్డ కప్పుకుని పనిచేసేవాళ్ళకి అది పెళ్ళివారి కారులాంటిది. ఒకటే చిక్కు. ఒక కెమెరా, ఒక లెన్సు. రెండో లెన్సు మాట ఎత్తొద్దన్నారు.

మా పైన ఉండే సాహెబు మారుమాట లేకుండా జూమ్ లెన్సు అన్నాడు. పొడుగ్గా, దర్జాగా ఉంటుంది. సభ చివర నిలబడి కూడా వేదిక మీద పెద్దాయన మీసం తీయొచ్చు. నేను పొట్టి లెన్సు కావాలన్నాను, ముప్పై అయిదు మిల్లీమీటర్లది. దాంతో దూరంగా ఉన్నది దగ్గరికి రాదు, మనమే దగ్గరికి వెళ్ళాలి. కానీ వెనక్కి జరగడానికి చోటులేని షెడ్డులో మనుషులూ సుత్తీ అన్నీ పడతాయి. పైగా ముందున్న అద్దం పెద్దది, మసక వెలుగు కూడా బాగా లాగుతుంది. ఫ్లాష్ అక్కర్లేదు. కాలిన ఇనుము వెలుగే చాలు. కేటలాగులో అలాంటివాటిని ఫాస్ట్ లెన్సు అని రాస్తారు. నేనూ చదువుకున్నదాన్ని కదా, నా కోరిక కాగితంలో గొప్పగా "ఫాస్ట్ లెన్సు" అని రాశాను.

కొంప మునిగింది అక్కడే. రైల్వేలో ఫాస్ట్ అంటే ఒకటే అర్థం. స్టోర్సు బాబు కళ్ళజోడు పైకెత్తుకుని నన్ను పిలిపించాడు. "వర్క్‌షాపుకి వచ్చే బళ్ళన్నీ రిపేరుకి వచ్చి నిలబడే ఉంటాయి. పరిగెత్తే బళ్ళు మన పరిధి కాదు. నిలబడ్డ బళ్ళకి ఫాస్ట్ లెన్సెందుకు?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అదే మాట ఎర్రసిరాతో నా కాగితం మీద రాసి సాహెబుకి పంపాడు. సాయంత్రం సైరన్ మోగేసరికి సంగతి వర్క్‌షాపంతా పాకింది. ఖరిదా బజారులో కూరలు కొంటుంటే కూడా ఎవరో ఒకరు "ఏటమ్మా, నీ లెన్సు మెయిలా, ఎక్స్‌ప్రెస్సా?" అని అడిగేవారు. "గూడ్సు. మీలాంటి సరుకు మొయ్యాలి కదా!" అనేదాన్ని.

సాహెబు దగ్గరికి వెళ్ళి ఫాస్ట్ అంటే వేగం కాదని, వెలుగు లోపలికి వచ్చే నోరు పెద్దదని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఈ సెక్షన్‌లో పెద్ద నోరు ఒకటుంది. అది చాలు" అన్నాడు. పక్కనున్న క్లర్కులు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

తర్వాత ఆయన గొంతు మెత్తబడింది. "నీ మంచికే చెబుతున్నాను. ఆడపిల్లవి. జూమ్ ఉంటే మగవాళ్ళ గుంపుల్లో దూరక్కర్లేదు. ఒక మూల నిలబడి తీసుకోవచ్చు."

"మూల కూర్చోడానికైతే డిస్పాచ్ వదిలి వచ్చేదాన్ని కాదు సార్" అన్నాను.

ఆ రోజుల్లో అంత మాట అనడం మామూలు విషయం కాదు. దాదా డార్క్‌రూమ్‌లో నన్ను పట్టుకుని "ఛేడే దావ్, మా" అని బతిమాలాడు. వదిలెయ్ తల్లీ అని. ఆయన బతుకంతా అలా వదిలేస్తూనే గడిచింది. మంచి మనిషి, నాకు గురువు. కానీ ఆ ఒక్క విషయంలో ఆయన మాట వినకూడదని ఆయన్ని చూసే నేర్చుకున్నాను.

దాదా తర్వాత ఆ కెమెరా వాడబోయేది నేనే కాబట్టి, కొనుగోలు కాగితం మీద వాడేవాళ్ళ సంతకం నాది ఉండాలి. జూమ్ అని రాసి ఉన్నన్నాళ్ళూ నేను సంతకం పెట్టలేదు. కాగితం వచ్చేది, అలాగే వెనక్కి పోయేది. సాహెబు అరిచాడు, బుజ్జగించాడు, వేరే మనిషిని వేస్తానన్నాడు. వేరే మనిషి ఎవరూ ఆ మందుల కంపులోకి రాలేదు. ఇంతలో మార్చి వచ్చింది. నెలాఖరులోగా కొనకపోతే మంజూరు మురిగిపోతుంది, కెమెరా కూడా రాదు. ప్రభుత్వంలో పనిచేసినవాళ్ళకి తెలుస్తుంది, మార్చికి ఉన్న శక్తి దేవుడికి కూడా లేదు. ఆఖరికి సాహెబు జూమ్ కొట్టేసి నా లెన్సు రాశాడు. రాస్తూ ఒక షరతు పెట్టాడు. ఫంక్షన్ ఫొటోల్లో ఒక్కటి చెడినా నేను మళ్ళీ డిస్పాచ్‌కే.

కెమెరా రాగానే మొదట కమ్మరి షెడ్డుకే పట్టుకెళ్ళాను. అక్కడ మేస్త్రి మా నాన్నతో కలిసి పనిచేసినవాడు. చిన్నాన్నా అని పిలిచేదాన్ని. ఆయన లెన్సు చూసి పెదవి విరిచాడు. "ఇదేటే గుంటా, పాస్టు పాస్టని ఊరంతా టముకేసినావు! పాసింజరు బండిలాగ పొట్టిగా ఉంది!"

ముఠా అంతా పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల్లోనే నన్ను లోపలికి రానిచ్చారని తర్వాత అర్థమైంది.

మొదట్లో తీసినవన్నీ చెత్త. కాలిన ఇనుము ఫొటోలో తెల్లటి పిండిముద్దలా పడేది, మనుషులు మాయమయ్యేవారు. ఇనుము వైపు చూసి వెలుగు కొలవకూడదని, ఇనుము వెలుగు పడే మొహాన్ని కొలవాలని ఎన్నో రోల్సు పాడుచేశాక గాని తెలియలేదు. సుత్తి పైకి లేచినప్పుడు అందరూ ఊపిరి బిగబట్టి కదలకుండా ఉంటారు. ఆ క్షణమే నాది. అదెప్పుడొస్తుందో వాళ్ళతోపాటు నిలబడి, వాళ్ళ పిలుపులు విని నేర్చుకున్నాను. చేయి తిరిగేసరికి వానాకాలం వచ్చింది. దాదా రిటైరై వెళ్ళిపోయాడు, సెక్షన్ నా ఒక్కదానిది అయింది.

అదే వానాకాలంలో కబురొచ్చింది. ఆవిరి ఇంజన్ల రోజులు అయిపోతున్నాయి, ఆ పెద్ద సుత్తి ఆపేస్తున్నారు. ముఠాని విడదీసి తలా ఒక షాపుకి, అంటే వర్క్‌షాపులోనే వేరే విభాగానికి, పంపుతారు. ఆపేముందు ఒక సభ. కలకత్తా నుంచి పెద్ద ఆఫీసరు వచ్చి, ప్రసంగం చేసి, దండ వేయించుకుని, తర్వాత లోపలికి వెళ్ళి చివరి హీటు మీద ఆఖరి దెబ్బ ఆయన చేత్తో కొట్టిస్తారు. హీటంటే ఒక దిమ్మని కొలిమిలో పెట్టి కాల్చి తీసే వరస. ముందు రోజు సాహెబు నన్ను పిలిచి వేలు చూపించి చెప్పాడు, "దండ. ఆ దండ ఫొటో నాకు కావాలి. గుర్తుందిగా?" గుర్తుంది. షరతు కూడా గుర్తుంది.

ఆ రోజు షెడ్డు ముందు షామియానా వేశారు. కుర్చీలు, మైకు, పూలకుండీలు. లోపల మేస్త్రి ముఠా చెప్పిన వేళకి దిమ్మని కొలిమిలో పెట్టింది. పెద్దాయన చెప్పిన వేళకి రాలేదు. ఎప్పటికో వచ్చాడు. వచ్చాక ఒకరి తర్వాత ఒకరు లేచి స్వాగతాలు మొదలుపెట్టారు. నేను వేదిక కింద కెమెరా పట్టుకుని నిలబడ్డాను. నా పొట్టి లెన్సుకి దండ దక్కాలంటే వేదిక అంచుకి ఆనుకుని నిలబడక తప్పదు.

అప్పుడు మేస్త్రి షెడ్డు గుమ్మంలోకి వచ్చి నావైపు చెయ్యి ఊపాడు. వెళ్ళాను. ఆయన మొహం చెమటతో తడిసిపోయి ఉంది.

"ఇంకాపితే దిమ్మ మాడిపోద్ది. అప్పుడే సురసురలాడతంది. మేం తీసీస్తన్నాం."

"సారు వచ్చి కొట్టాలంట కదా, చిన్నాన్నా!"

"ఇనుముకి నాను సెప్పగలనేటి, సారొస్తన్నారు, ఆగమని? ఇదే మాకు ఆఖర్ది. దీన్ని మాడబెట్టుకుని ఎల్లిపోమంటావేటి? నువ్వొస్తే రా, లేపోతే నేదు."

వెనక్కి తిరిగి చూశాను. వేదిక మీద సాహెబు పళ్ళెంలోంచి దండ ఎత్తుతున్నాడు. నావైపే చూస్తున్నాడు. రా అని కనుబొమలు ఎగరేశాడు. అటు దండ, ఇటు దిమ్మ. దండ మళ్ళీ వేయొచ్చు. రేపు వేయొచ్చు, ఆయన ఆఫీసులో వేయొచ్చు, ఆయనకి ఇంకా ఎన్ని దండలు రాసిపెట్టి ఉన్నాయో! ఈ ఇనుము మళ్ళీ కాలదు. ఈ మనుషులు మళ్ళీ ఒకచోట నిలబడరు. అంత ఆలోచించానని ఇప్పుడు రాస్తున్నాను గానీ, నిజానికి ఆలోచించలేదు. కాళ్ళు షెడ్డులోకి నడిచాయి.

కొలిమి తలుపు లేచింది. గొలుసుకి వేలాడే పెద్ద పట్టకారుతో దిమ్మని లాగారు. షెడ్డంతా నారింజరంగు అయిపోయింది. నేను దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళ్ళాను. "కొంగు దోపుకోయే గుంటా!" అని మేస్త్రి కేక వేశాడు. దోపుకున్నాను. మొదటి దెబ్బ పడింది. నేల అదిరింది. బయట మైకులో మాట్లాడుతున్న గొంతు ఠక్కున ఆగింది. ఇంకో దెబ్బ. రవ్వలు లేచి నా చేతుల మీద పడ్డాయి. ఒకటి లెన్సు అద్దానికి తగిలింది. సుత్తి మళ్ళీ లేచింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఎవరి మొహం వాళ్ళదిగా, చెంపల మీద చెమట, నుదుటి గీతలతో సహా ఆ వెలుగులో ఉంది. నొక్కాను.

తర్వాత ఇంకా తీశాను గానీ, ఫొటో అంటే అదే.

దానిలో మనుషులందరూ ఉన్నారు. వెడల్పు లెన్సు కదా, గుమ్మం కూడా పడింది. చప్పుడుకి కంగారుపడి లోపలికి పరిగెత్తుకొచ్చిన పెద్దాయన కుడివైపు వెనకాల, మసకగా, మెడలో దండతో నిలబడి ఉన్నాడు.

మర్నాడు సాహెబు ప్రింటు చూసి బల్ల మీద పడేశాడు. "చీఫ్ గెస్ట్ ఎక్కడ?"

"ఉన్నారు సార్. వెనకాల, గుమ్మంలో. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు."

"దండ ఎక్కడ?"

"అదీ ఉంది సార్. రుమాలు కింద."

ఆయన మరీ దుర్మార్గుడేం కాదు. నన్ను పంపేయాలనీ లేదు, పంపకపోతే పైవాళ్ళకి ఏం చెప్పాలో తెలియదు. చివరికి ఒక తెల్లకాగితం నావైపు జరిపాడు. "పొరపాటైంది, మన్నించండి అని ఒక్క ముక్క రాసియ్యి. ఆ పెద్దాయనకి చూపిస్తాను. అద్దం మీద గాటు సంగతి కూడా వదిలేస్తాను. కెమెరా నీ దగ్గరే ఉంటుంది."

ఆ కెమెరా అంటే నాకు ప్రాణం. ఈ మాట రాయడానికి సిగ్గేమీ లేదు. ఆ కాగితం చూస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. కానీ ఏం రాయాలి? ఎక్కడ నిలబడాలో తెలియక తప్పుచోట నిలబడ్డాననా? 

"పొరపాటు కాలేదు సార్. చూసుకునే వెళ్ళాను" అన్నాను.

"ఆలోచించుకో."

"మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ అటే వెళ్తాను. అది రాసియ్యమంటే రాసిస్తాను."

డిస్పాచ్‌కి వేశారు. కెమెరా, లెన్సు, డార్క్‌రూమ్ తాళంచెవి అప్పగించాను. అప్పగించేముందు చేయాల్సిన పని ఒకటి చేశాను. ముఠాలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క ప్రింటు తీసి, ఆరబెట్టి, ఇచ్చేశాను. కొందరి ఆడవాళ్ళు ఫొటో చూసి వెంటనే "ఇడుగో, మా ఆయన" అన్నారట. ఆ మాట మేస్త్రి వచ్చి చెప్పాడు. మా అమ్మకి మాత్రం ఆ సుఖం దక్కలేదు. నాకు ఇప్పటికీ కడుపు మండేది ఆ ఒక్కదానికే.

ప్రింట్ల సంగతి సాహెబుకి తెలిసింది. ఆఫీసు సొత్తు, అనుమతి లేకుండా పంచారు, వెంటనే తిరిగి ఇచ్చేయాలి అని ముఠాలో అందరికీ తలా ఒక తాఖీదు పంపాడు. వర్క్‌షాపులో ఏ కాగితమైనా డిస్పాచ్ మీదుగానే పోవాలి కదా. ఆ తాఖీదులన్నీ నా బల్ల మీదికే వచ్చాయి. కవర్ల మీద వాళ్ళ హాజరు టికెట్ నంబర్లు, వాళ్ళు చెదిరిపోయిన షాపుల పేర్లు నేనే రాశాను.

రెండు రోజులకి మేస్త్రి తన కవరు పట్టుకుని డిస్పాచ్ కిటికీ దగ్గరికొచ్చాడు. ఆయన్ని వీల్ షాపుకి పంపారు. కొత్తచోట ఇంకా ఒదగలేదని నడకలోనే తెలుస్తోంది.

"ఇంగిలీసులో ఉంది. ఏటి రాసినారు ఇందులో?"

చదివి చెప్పాను.

"నువ్వేటంటావు? ఇచ్చీమంటావా?"

"నేను అననుగా చిన్నాన్నా. కాగితం అంటోంది. జవాబు ఇవ్వాలట."

ఆయన కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వీల్ షాపుకి పోయే దారి వైపు ఒకసారి చూసి, మళ్ళీ కిటికీలోకి వంగాడు.

"అలగైతే నా జవాబు రాయి. మిగతావోళ్ళదీ ఇదే. పటాలు కట్టించీసినాం, గోడలకి మేకులు కొట్టీసినాం. కావాలంటే సారునే మా కోటర్సు లైన్లకి రమ్మను. ఇల్లిల్లూ తిరిగి, తలకాయొంచి లోపలికొచ్చి, ఆరి సేత్తోటే దింపుకోమను."

చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మెత్తబరచలేదు. నంబరు వేసి, సాహెబు గదికి పంపాను.

ఎవరూ రాలేదు.